పసుపులేటి కన్నాంబ

పసుపులేటి కన్నాంబ (1911 - 1964 మే 7) తెలుగు రంగస్థల నటి, గాయని, తొలితరం చలనచిత్ర కథానాయిక, నిర్మాత. తెలుగు, తమిళ చిత్రాలు రెండింటిలోనూ అగ్రశ్రేణి నటిగా గుర్తింపు పొందింది. గంభీరమైన సంభాషణలకు, రాజమాత పాత్రలకు ఆమె పేరు పర్యాయపదంగా నిలిచింది. అయితే ఆమెను మొదట రంగస్థలం మీదికి తెచ్చినది నటన కాదు, గాత్రం. ఏలూరు నాటకశాలలలో పద్యం పాడి పేరు తెచ్చుకొన్న ఈ గాయని, జీవితపు చివరి పదిహేనేళ్ళలో దాదాపుగా పాట లేని నటిగా మిగిలింది. నటిగా ఆమె గురించి చాలామంది వ్రాశారు గాని, గాయనిగా ఆమెకు దక్కవలసిన చోటు దక్కలేదనే చెప్పాలి.

బాల్యం

కన్నాంబ కడపలో జన్మించింది. పుట్టిన సంవత్సరాన్ని కొన్ని గ్రంథాలు 1912గా పేర్కొంటాయి. బాల్యమంతా ఏలూరులో అమ్మమ్మ, తాతల ఇంట గడిచింది. సంగీతం నేర్చుకొన్నది కూడా అక్కడే. అందువలన పుట్టినది రాయలసీమలోనైనా, కళాకారిణిగా ఆమె ఏలూరు ఆడపడుచే.

ఆ కాలపు ఏలూరును గురించి కొంత చెప్పుకోవాలి. గోదావరి, కృష్ణ కాలువలు కలిసే పట్టణం అది. దక్షిణాన కొల్లేరు సరస్సు, చుట్టూ వరి పొలాలు. మద్రాసు - హౌరా రైలుమార్గం మీద ఏలూరు, తాడేపల్లిగూడెం ధాన్యం ఎగుమతికి ముఖ్యమైన స్టేషన్లు. 1925లో కృష్ణా జిల్లాను విభజించి పశ్చిమ గోదావరి జిల్లాను ఏర్పరచినపుడు ఏలూరు దానికి ముఖ్యపట్టణమైనది. కోతలు ముగిసి చేతిలో రొక్కం ఆడే రోజులలో ఈ ప్రాంతమంతటా నాటకాలు సాగేవి. ప్రసిద్ధులైన నటులను వేరువేరు ఊళ్ళనుండి పిలిపించి, ఒక్క రాత్రికి ఒక నాటకంలో కలిపి ఆడించే "కాంట్రాక్టు నాటకాలు" అప్పటి ఆచారం. పద్యాన్ని రాగం తీసి పాడగలిగిన నటునికే గిరాకీ. మెచ్చిన జనం "వన్స్‌మోర్" అని అరిస్తే, చచ్చి పడిపోయిన పాత్ర సైతం లేచి పద్యం మళ్ళీ పాడవలసి వచ్చేది.

ఈ నేలనుండే మరికొందరు ప్రముఖులు వచ్చారు. కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాకలో 1907లో పుట్టిన బందా కనకలింగేశ్వరరావు ఏలూరులో న్యాయవాదిగా ఉంటూ, ప్రభాత్ థియేటర్ అనే నాటక సంస్థను నడిపాడు. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో 1908లో పుట్టిన ఎల్.వి.ప్రసాద్ తరువాతి కాలంలో కన్నాంబ నటించిన రెండు ముఖ్య చిత్రాలకు దర్శకుడయ్యాడు.

రంగస్థలం

కన్నాంబ రంగప్రవేశాన్ని గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉన్నది. ఏలూరులో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్న రాత్రి, చంద్రమతి పాత్రధారి శోకఘట్టంలో పద్యాలు సరిగా పాడలేక తడబడ్డాడు. ప్రేక్షకులు గేలి చేయసాగారు. నాటకం చూడవచ్చిన పదమూడేళ్ళ కన్నాంబ లేచి తాను పాడగలనని చెప్పి, వేదికనెక్కి ఆ ఘట్టాన్ని పాడి జనాన్ని ఏడిపించిందట. సినీ పత్రికలలో పదేపదే అచ్చయిన కథ గనుక దీనికి కొంత రంగు కలిసి ఉండవచ్చు. కథలోని అసలు విషయం మాత్రం అబద్ధం కాదు. ఏలూరులోని నారల నాటక సమాజం వారు ఆమెను తమ నాటకాలలోనికి తీసుకొన్నారు. చంద్రమతి ఆమెకు పేరు తెచ్చిన మొదటి పాత్ర.

ఆ పాత్ర ఎంత కష్టమైనదో గుర్తిస్తే గాని ఆమె గాత్రం విలువ తెలియదు. పాము కరచి చనిపోయిన లోహితుని ఒడిలో పెట్టుకొని చంద్రమతి చాలాసేపు పద్యాలలో విలపించాలి. విలాపం ఎక్కువైతే శ్రుతి చెడుతుంది, శ్రుతి మీదనే దృష్టి ఉంటే దుఃఖం పలచనవుతుంది. మైకులు లేని రోజులు. పెట్రోమాక్సు దీపాల వెలుతురులో, హార్మోనియం తోడుగా, పందిరిలో వెనుక వరుసలోని ప్రేక్షకునికి సైతం ప్రతి అక్షరం వినిపించాలి. హెచ్చు శ్రుతిలో ఎత్తుకొని, పద్యపాదం చివర రాగాన్ని సాగదీసి, మళ్ళీ మాటలోనికి తెగకుండా దిగడం ఆ విద్యలోని కీలకం. కన్నాంబ తరువాత సినిమాలో చెప్పిన దీర్ఘ సంభాషణలలోని ఊపిరి పట్టు ఈ పద్యాలనుండే వచ్చినది.

అప్పటికి స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరిస్తున్నారు. స్థానం నరసింహారావు వంటివారు అందులో అఖండ ఖ్యాతి గడించారు. సురభి కుటుంబాలను మినహాయిస్తే, స్త్రీలు వేదికనెక్కడం ఇంకా అరుదు, ఎక్కినవారికి మర్యాద అంతకంటె అరుదు. అటువంటి రోజులలో కన్నాంబ ఊరూరా తిరిగి పౌరాణిక నాటకాలలో నాయిక పాత్రలు ధరించింది. నాటక రంగంలోనే పరిచయమైన కడారు నాగభూషణాన్ని 1934లో వివాహమాడింది. దంపతులు రాజరాజేశ్వరీ నాట్యమండలిని స్థాపించి మద్రాసు రాజధానిలోని పలు పట్టణాలలో ప్రదర్శనలిచ్చారు. ఈ కాలంలోనే ఆమె పద్యాలు, పాటలు గ్రామఫోను రికార్డులుగా వెలువడి బాగా చెల్లుబడి అయినవి. రికార్డు ఒక ప్రక్క నిడివి సుమారు మూడు నిమిషాలు. వేదిక మీద పావుగంట సాగే విలాపాన్ని మూడు నిమిషాలకు కుదించడం నాటక గాయకులందరికీ చిక్కే అయినా, వేదికను చూడలేని ఊళ్ళకు వారి గొంతు చేరినది ఆ పలకల ద్వారానే.

సినిమా రంగం

1935లో స్టార్ కంబైన్స్ వారి హరిశ్చంద్ర చిత్రంలో చంద్రమతిగా కన్నాంబ సినిమాలలో ప్రవేశించింది. హరిశ్చంద్రుడు అద్దంకి శ్రీరామమూర్తి. అతడు కూడా పేరున్న రంగస్థల గాయకుడే. తొలి టాకీలకు నిర్మాతలు నటులను నాటకరంగం నుండే తెచ్చుకోవడానికి ఒక సాంకేతిక కారణం ఉన్నది. అప్పట్లో పాటను ముందుగా రికార్డు చేసుకొనే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. కెమెరా ముందు నటిస్తున్నవారే అక్కడికక్కడ పాడాలి, వాద్యకారులు చట్రానికి ఆవల దాగి వాయించాలి. పాడలేనివారికి టాకీలలో చోటు లేదు.

మరుసటి సంవత్సరం తెలుగు సినిమా చరిత్రలో ప్రసిద్ధమైన పోటీ జరిగింది. ద్రౌపదీ వస్త్రాపహరణం కథనే ఇద్దరు నిర్మాతలు ఒకేసారి తెరకెక్కించారు. ద్రౌపదీ మానసంరక్షణంలో బళ్ళారి రాఘవ దుర్యోధనుడు, సురభి కమలాబాయి ద్రౌపది, ఏలూరు న్యాయవాది బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. హెచ్.వి.బాబు దర్శకత్వం వహించిన ద్రౌపదీ వస్త్రాపహరణంలో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్.ఆంజనేయులు కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. నాటక ప్రతిష్ఠలో మొదటి చిత్రానిదే పైచేయి. కాని గెలిచినది రెండవది. ఒకే పట్టణపు నాటక వాతావరణంలో పెరిగిన ఇద్దరు చెరొక ద్రౌపది కథలో నిలబడటం ఏలూరు చరిత్రకారులు గుర్తుంచుకోదగిన విశేషం. 1937లో వచ్చిన సారంగధర చిత్రంలో వారిద్దరూ కలిసి నటించారు.

కనకతార (1937) తరువాత వచ్చిన గృహలక్ష్మి (1938) కన్నాంబకు సాంఘిక చిత్రాలలో గుర్తింపు తెచ్చినది. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వం వహించిన ఈ చిత్రం చిత్తూరు నాగయ్యకు మొదటి చిత్రం. మద్యపానం, వేశ్యాలోలత్వం వలన కూలిపోతున్న సంసారంలో ఇల్లాలి పాత్ర కన్నాంబది, నర్తకి పాత్ర కాంచనమాలది. ఆ రోజులలో "కాంచనమాల గాజులు, కన్నాంబ లోలాకులు" అని బజారులో అమ్మేవారంటే వారిద్దరి ఆకర్షణ ఎంతటిదో ఊహించవచ్చు. చండిక (1940)లో బళ్ళారి రాఘవతో కలిసి నటించి, కత్తి పట్టిన వీరనారిగా కనిపించింది.

తమిళ చిత్రాలు

తమిళంలో ఆమె మొదటి చిత్రం కృష్ణన్ తూదు (1940). భాష పట్టుబడక ఆ ప్రయత్నం రాణించలేదు. తరువాత ఆమె తమిళ ఉచ్చారణను శ్రద్ధగా అభ్యసించింది. సంభాషణలను తెలుగు లిపిలో వ్రాసుకొని కంఠతా పట్టేదని చెబుతారు. అశోక్ కుమార్ (1941)లో త్యాగరాజ భాగవతార్ సరసన తిష్యరక్షితగా నటించింది. సవతి కొడుకును మోహించి, తిరస్కరింపబడి, పగబట్టే రాణి పాత్ర అది. ఇందులో చక్రవర్తి అశోకుడు నాగయ్య. భాగవతార్ దక్షిణ దేశంలో గాయక నటులకు మకుటం వంటివాడు. పాపనాశం శివన్ పాటలు వ్రాసిన ఆ చిత్రంలో ఆయన ఎదుట పాడి నిలబడటమే ఒక పరీక్ష.

1942లో జూపిటర్ పిక్చర్స్ వారి కణ్ణగి వచ్చింది. పి.యు.చిన్నప్ప కోవలన్‌గా, కన్నాంబ కణ్ణగిగా నటించారు. తమిళ సాహిత్యానికి తలమానికమైన శిలప్పదికారం కథ అది. నిర్దోషియైన భర్తను చంపించిన పాండ్యరాజును నిలదీసే ఘట్టంలో ఇళంగోవన్ వ్రాసిన గ్రాంథిక తమిళ సంభాషణలను తెలుగు నటి పలికిన తీరు తమిళులను విస్మయపరచినది. ఏలూరు వేదిక మీద చంద్రమతి విలాపం పాడిన గొంతే మదుర కొలువులో ఆగ్రహంగా మారినది. ఈ చిత్రంతో ఆమె కీర్తి స్థిరపడినది. గాయనిగా ఆమెను వెనుకకు నెట్టినది కూడా ఒక విధంగా ఈ విజయమే. ఆ తరువాత నిర్మాతలు ఆమెనుండి పాటకంటె సంభాషణనే ఎక్కువగా కోరసాగారు.

నేపథ్యగానం రాక

1943లో వచ్చిన భాగ్యలక్ష్మి చిత్రంలో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి పాడిన పాటను తెలుగులో తొలి నేపథ్యగానంగా పరిగణిస్తారు. మొదట అది ఒక సదుపాయం మాత్రమే. పాడగలిగిన నటులు మరికొన్నేళ్ళు తమ పాటలు తామే పాడుకొన్నారు. 1950 ప్రాంతానికి వచ్చేసరికి సదుపాయం కాస్తా నియమమైపోయింది. ఘంటసాల, పి.లీల, జిక్కి, తరువాత పి.సుశీల వంటి గాయకుల కాలం మొదలైనది. మైకుకు దగ్గరగా నిలబడి, మెల్లగా, చిన్న చిన్న గమకాలతో పాడే పద్ధతి వినేవారికి అలవాటైనది. పందిరి చివరి వరుసను ఉద్దేశించి పాడే నాటక గాత్రం దాని ప్రక్కన పాతబడినట్లు వినిపించింది. ఇందులో గాత్రపు లోపం లేదు, వినే సాధనం మారింది.

ఇటువంటి మార్పు మన దేశానికి మాత్రమే పరిమితం కాదు. అమెరికాలో బెస్సీ స్మిత్ వంటి బ్లూస్, జాజ్ గాయనులు డేరాలలోను, నాటకశాలలలోను మైకు లేకుండా పాడి పేరు పొందారు. మైకు వచ్చిన తరువాత గుసగుసలాడే గొంతులకు ఆదరణ పెరిగినది. వారిలో ఆల్బర్టా హంటర్ అనే గాయని పాట మానివేసి న్యూయార్కు ఆసుపత్రిలో ఇరవై యేళ్ళు నర్సుగా పనిచేసి, 1977లో 82వ ఏట తిరిగి వేదికనెక్కి జనాన్ని ఆకట్టుకొన్నది. కన్నాంబకు అంతటి ఆయుర్దాయమూ లేదు, అటువంటి పునరాగమనమూ లేదు. పరిశ్రమను వదలవలసిన అవసరం మాత్రం ఆమెకు కలుగలేదు. పాట పోయినా మాట మిగిలింది.

మలి దశ

పల్నాటి యుద్ధం (1947) ఆమె రెండు దశలకు నడుమ నిలిచిన చిత్రం. గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించిన ఈ చిత్రం 1946లో ఆయన మరణించడంతో ఆగిపోగా, ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేశాడు. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు, కన్నాంబ నాయకురాలు నాగమ్మ. పతివ్రతల పాత్రలకు అలవాటుపడిన నటి రాజకీయ చతురురాలిగా, అభిమానధనురాలిగా ఇక్కడ కనిపిస్తుంది. నాగమ్మను కేవలం దుష్టురాలిగా చూపక, తన పక్షం న్యాయమైనదని నమ్మే మనిషిగా పలికించడం ఆమె ప్రతిభ. తెలుగులో ఆమె నటనను చూడదలచినవారు మొదట చూడవలసినది ఈ చిత్రమే.

ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలోనే వచ్చిన మనోహర (1954) తమిళనాట నేటికీ గుర్తున్నది. కరుణానిధి సంభాషణలు, శివాజీ గణేశన్ నటన, తల్లి పద్మావతి మహారాణిగా కన్నాంబ. అంతవరకు శాంతం వహించమని కొడుకును వారించిన తల్లి, చివరకు సంకెళ్ళు తెంచుకొమ్మని ఆజ్ఞాపించే ఘట్టంలో ఆమె గొంతు మంద్రం నుండి తారస్థాయికి మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. అది సంభాషణ అని అంటాము గాని, శ్రద్ధగా వింటే పద్యం ఎత్తుకొన్న పద్ధతే. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ పదం మీద నిలవాలో నాటకరంగం ఆమెకు ఏనాడో నేర్పినది.

ఆ తరువాత ఆమెకు దాదాపుగా అన్నీ తల్లి, వదిన, పెద్దింటి ఇల్లాలి పాత్రలే. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వం వహించిన తోడికోడళ్ళు (1957)లో ఎస్.వి.రంగారావుకు భార్యగా, ఉమ్మడి కుటుంబాన్ని కాచుకొనే పెద్ద కోడలిగా నటించింది. ఆగ్రహం, శాపం లేని ఇటువంటి పాత్రలలో ఆమె నటన ఇంకా మెత్తగా ఉంటుంది. మాంగల్యబలం (1959), బి.ఎన్.రెడ్డి తీసిన రాజమకుటం (1960), తమిళంలో ఉత్తమపుత్తిరన్ (1958) ఈ కాలపు చిత్రాలు. పడిక్కాద మేధై (1960), దాని తెలుగు రూపమైన ఆత్మబంధువు (1962) రెండింటిలోనూ రంగారావు, కన్నాంబ దంపతులుగా కనిపిస్తారు. ఈ చిత్రాలలో మంచి పాటలకు కొదవ లేదు. అయితే అవి నేపథ్య గాయకులవి. ఒకనాడు పద్యానికి వన్స్‌మోర్ కొట్టించుకొన్న నటి ఆ పాటలు సాగుతుండగా తెరమీద వింటూ కూర్చున్న దృశ్యం, ఆమె పూర్వకథ తెలిసినవారికి కొంచెం కష్టంగానే ఉంటుంది.

నిర్మాతగా

కన్నాంబ, నాగభూషణం దంపతులు తమ నాటక సంస్థ పేరునే కొనసాగిస్తూ శ్రీ రాజరాజేశ్వరీ ఫిలింస్ అనే నిర్మాణ సంస్థను నెలకొల్పారు. తల్లిప్రేమ (1941), సుమతి (1942), పాదుకా పట్టాభిషేకం (1945), తులసీ జలంధర (1947), సౌదామిని (1951), సతీ సక్కుబాయి (1954), దక్షయజ్ఞం (1962) ఈ సంస్థ చిత్రాలలో కొన్ని. పలు చిత్రాలకు నాగభూషణమే దర్శకుడు. ఎక్కువగా పౌరాణికాలు, జానపదాలు. కళాత్మకంగా ఇవన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని చెప్పలేము. కాని నటీనటులకు, సాంకేతిక నిపుణులకు రెండు దశాబ్దాలకు పైగా పని కల్పించిన సంస్థ అది. స్త్రీలు నిర్మాణంలో భాగస్వాములుగా ఉండటం అరుదైన కాలంలో కన్నాంబ సంపాదన, పరపతి ఆ సంస్థకు మూలాధారమైనవి. ఎన్.టి.రామారావు శివునిగా, ఎస్.వి.రంగారావు దక్షునిగా నటించిన దక్షయజ్ఞం ఆమె చివరి సంవత్సరాలలోనిది.

ఆ తరం కళాకారులలో కొందరు సంపాదించినది తీసుకొని స్వస్థలాలకు చేరుకొన్నారు. 1935లోనే సినిమాలలో ప్రవేశించిన రేలంగి వెంకట్రామయ్య తాడేపల్లిగూడెంలో స్థిరపడి, అక్కడ సినిమా హాలు కట్టించి, 1975లో ఆ ఊరిలోనే కన్నుమూశాడు. కన్నాంబ మద్రాసులోనే ఉండిపోయింది. సంపాదన సంపాదనగా తిరిగి సినిమాలలోనికే వెళ్ళింది.

మరణం, ఆ తరువాత

1964 మే 7న కన్నాంబ మరణించింది. అప్పటికి ఆమెకు 52 ఏళ్ళు. ఆమె తరువాత రాజరాజేశ్వరీ ఫిలింస్ నిలువలేదు. ఆస్తులు క్రమంగా కరిగిపోయి, నాగభూషణం చివరి దినాలు లేమిలో గడిచినవి.

ఆమె పెరిగిన ఏలూరు 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాకు కేంద్రమైనది. బందా పుట్టిన ఆటపాక కూడా ఇపుడు ఆ జిల్లాలోనే ఉన్నది, అక్కడి పక్షుల కేంద్రాన్ని చూడటానికి యాత్రికులు వస్తుంటారు. పాత హిందీ, బెంగాలీ గాయక నటులపై వచ్చినన్ని సంకలనాలు తెలుగు నాటక గాయకులపై రాలేదు. కన్నాంబ గాత్రాన్ని వినదలచినవారికి అశోక్ కుమార్, కణ్ణగి, పల్నాటి యుద్ధం చిత్రాల ప్రతులు లభ్యమవుతున్నాయి. పాటల దగ్గర ముందుకు త్రిప్పకుండా చూడటం మంచిది.